ఆకు రాలిన గడను పారేయకండి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చిన రోజు. కింది వాటాలో మా మందుల దుకాణం, దాని వెనుక పెరట్లో జామచెట్టు, ఆ చెట్టు నీడలో ఇనుప స్టాండు మీద నా ఆర్కిడ్ కుండీలు ఎనిమిది. ఆ పొద్దున మేము పై వాటాకు మోసుకెళ్లగలిగినవి మందుల పెట్టెలు, లెక్కల పుస్తకాలు, అత్తయ్య మందులు, నాలుగు బిందెల మంచినీళ్లు. కుండీల సంగతి గుర్తొచ్చేసరికి స్టాండు మునిగిపోయింది.

నీళ్లు తీశాక పెరట్లోకి దిగితే కుండీలన్నీ బురద ముద్దలు. మొక్కల్ని ఒక్కొక్కటిగా పైకి తెచ్చి మంచినీళ్లతో కడిగాను. వేళ్లు పట్టుకుంటే నానిన అటుకుల్లా జారిపోయాయి. పది రోజుల్లో ఆకులన్నీ పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. ఐదు మొక్కలు మొదలు దాకా కుళ్లాయి, వాటిని వదులుకున్నాను. మిగిలిన మూడింటి గడలను, అంటే నీరు దాచుకునే లావాటి కాండాలను, వేలితో నొక్కి చూస్తే మాత్రం లేత చెరకులా గట్టిగా ఉన్నాయి. కుళ్లిన వేళ్లన్నీ కోసేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, ఆకూ వేరూ లేని ఆ గడల కట్టల్ని పై వసారాలో బట్టలారేసే తీగకు వేలాడదీశాను. రోజూ ఉదయం నీళ్లు చిలకరించడం, అంతే. పక్కింటి అమ్మాయి చూసి, “ఎండుపుల్లలకు నీళ్లు పోస్తున్నారేమిటి పిన్నిగారూ?” అని అడిగింది.

డిసెంబరు మొదటి వారంలో ఒక గడ మీద, పైనుంచి మూడో కణుపు దగ్గర, పెసరగింజంత పచ్చటి మొటిమ కనిపించింది. సంక్రాంతికి అది రెండు ఆకులు విప్పింది. శివరాత్రి నాటికి దాని అడుగున వేళ్లు మొలిచాయి. అప్పటికి మూడు కట్టల మీద కలిపి ఏడు పిల్లమొక్కలు. ఇంట్లో ఆర్కిడ్లను పెంచేవారిలో చాలామంది పూలు అయిపోయి, ఆకులు రాలిన గడ కనబడగానే అందం పాడవుతోందని కోసి పారేస్తారు. దుకాణానికి వచ్చే వాళ్లలో మొక్కల మీద మమకారం ఉన్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మొదటి మాట అది చేయవద్దని. ఆ గడే తల్లి. దానిలో దాచుకున్న నీరు, పిండిపదార్థం పిల్లకు పాలు.

ముందు ఏ ఆర్కిడ్ అన్నది తేల్చుకోవాలి. విజయవాడ, గుంటూరు ఎండలకు నేను నమ్మేది డెండ్రోబియం ఒక్కటే. నర్సరీల్లో ఊదా, తెలుపు, గులాబీ రంగుల్లో పొడుగాటి పూల కాడతో అమ్మేవి ఎక్కువగా ఈ జాతి సంకరాలే. వీటి పూర్వీకుల్లో ఒకటైన డెండ్రోబియం బైగిబ్బమ్ ఉత్తర ఆస్ట్రేలియా ఉష్ణప్రాంతపు మొక్క. అందుకే నీడ, నీరు, గాలి చూసుకుంటే మన వేసవిని తట్టుకుంటుంది. పూల దుకాణాల్లో అద్దాల వెనుక పెట్టే ఫాలినాప్సిస్, అదే సీతాకోకచిలుకలాంటి వెడల్పాటి పువ్వుది, చూడగానే మనసు లాగుతుంది. కానీ మన మే నెల దానికి పగ. మొదటిసారి ఆర్కిడ్ కొనేవారు దాని జోలికి పోవద్దు. తోటలో ఎండ తగిలే చోటు ఉంటే వాండా, మొకారా కూడా బాగానే బతుకుతాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మొదటి కుండీ ఇంటికి తెచ్చిన రోజు మా అత్తయ్య దాన్ని చూసి, “ఇది బదనిక కదమ్మా, జామచెట్టు దగ్గర పెట్టకు, చెట్టును తినేస్తుంది” అన్నారు. చెట్టు కొమ్మ మీద పెరిగేదంతా బదనికే అని మన పెద్దవాళ్లకు అనుమానం. బదనిక నిజంగానే చెట్టు కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అలా చేయదు. బెరడును పట్టుకుని కూర్చుంటుంది, తాగేది వాననీరు, తినేది ఆకుల ధూళి కరిగి వచ్చిన లవణాలు. 1799లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓలోఫ్ స్వార్ట్జ్ ఈ జాతికి పెట్టిన డెండ్రోబియం అన్న పేరులోని గ్రీకు మాటలకు చెట్టు, బతుకు అని అర్థం. చెట్టు మీద బతికేదే కానీ చెట్టును తిని బతికేది కాదు. ఈ సంగతి అర్థమైతే పెంపకంలో సగం తప్పులు వాటంతట అవే పోతాయి. మట్టిలో నాటకూడదు. వేరుకు గాలి ఆడాలి. తడిసిన వేరు మళ్లీ ఆరాలి.

విత్తనాల గురించి అడిగేవారికి ఒక్క మాట. ఆర్కిడ్ కాయలో విత్తనాలు వేల నుంచి లక్షల్లో ఉంటాయి, పొడిలా ఎగిరిపోతాయి. కానీ వరిగింజలో, కందిగింజలో మొలకకు తిండి ఉన్నట్టు వీటిలో ఏమీ ఉండదు. ప్రకృతిలో ఒక రకం బూజు వాటికి తిండి అందిస్తేనే మొలుస్తాయి. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఆ బూజు లేకుండానే చక్కెర కలిపిన అగర్ అనే జెల్లీ మీద మొలిపించవచ్చని చూపించాడు. ఆ పని సీసాల్లో, సూక్ష్మజీవి దూరని గదుల్లో జరగాలి. వంటింట్లో కుదరదు. ఇంట్లో మనకున్న దారి మొక్క నుంచి మొక్క తీయడమే.

దానిలో అన్నింటికన్నా సులువైనది పిలక. అరటికి పిలక మొదట్లోంచి వస్తుంది, డెండ్రోబియంకు గడ మధ్యలోంచో, కొస దగ్గరి కణుపు నుంచో వస్తుంది. ఆర్కిడ్లు పెంచేవాళ్లు దీన్ని కీకీ అంటారు. అది హవాయి భాషలో బిడ్డ అనే మాట. మనకు పిలక అన్న మాట ఉంది, నాకు అదే నచ్చుతుంది.

కణుపు దగ్గర మొటిమ కనబడగానే అది పూల కాడా, పిలకా అని తొందరపడి తేల్చవద్దు. మొదటి వారం రెండూ ఒకేలా ఉంటాయి. పూల కాడ సాధారణంగా గడ కొసకు దగ్గరగా వచ్చి, సన్నటి పుల్లలా సాగుతుంది. దాని మీద చిన్న చిన్న బుడిపెలు వరసగా కనిపిస్తాయి. పిలక లావుగా, పొట్టిగా మొదలై రెండు వారాల్లో చేప తోకలా రెండు ఆకులు విప్పుతుంది. ఒకసారి పువ్వు పూసిన కణుపు మళ్లీ పిలక వేయదు, కాబట్టి పిలకల కోసం పూయని కణుపులు మిగిలి ఉన్న గడలనే చూసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆరోగ్యంగా కనిపిస్తున్న మొక్క ఒక్కసారిగా నాలుగైదు పిలకలు వేస్తే సంతోషించే ముందు కుండీలో వేళ్లను చూడండి. వేళ్లు కుళ్లినా, నీళ్లు మరీ ఎక్కువైనా, నత్రజని ఎరువు ఎక్కువైనా, వెలుతురు చాలకపోయినా మొక్క పూలు మాని పిలకలు వేస్తుంది. వరద తర్వాత నా మొక్కలు చేసింది అదే. తాము బతకవని తెలిసి పిల్లల్ని బతికించాయని నాకనిపిస్తుంది.

పిలకను ఎప్పుడు విడదీయాలన్నదే ఈ పనిలో ప్రాణం. ఆకులు చూసి కాదు, వేళ్లు చూసి తీయాలి. నా తొలి పిలకను మూడు ఆకులు రాగానే, వేళ్లు బియ్యపు గింజంత ఉండగానే కోశాను. అది నెల రోజులు పచ్చగానే ఉండి, ముడుచుకుపోయి ఎండిపోయింది. ఇప్పుడు నా లెక్క ఇది: కనీసం మూడు వేళ్లు ఉండాలి, ఒక్కొక్కటి రెండు నుంచి మూడు అంగుళాల పొడవుండాలి, వాటిలో కొన్నయినా కొన పచ్చగా ఉండాలి.

ఆ కొనను ఒకసారి దగ్గరగా చూడండి. వేరంతా సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది, చివర పావు అంగుళం మాత్రం మెరిసే ఆకుపచ్చ, కొన్ని రకాల్లో కాస్త ఊదారంగు. ఆ తెలుపు నీటిని పీల్చుకునే స్పాంజి లాంటి పొర. దాని మీద నీళ్లు చిలకరిస్తే క్షణాల్లో తెలుపు పోయి, లోపలి పచ్చదనం బయటకు కనబడుతుంది. ఆరాక మళ్లీ తెల్లబడుతుంది. నీళ్లు పోయాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ వేరే జవాబు చెబుతుంది: తెల్లగా ఉంటే పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. కొన గోధుమరంగుకు తిరిగి మొద్దుబారితే ఆ వేరు పెరగడం ఆపిందన్నమాట. ఎండ దెబ్బ కావచ్చు, ఎరువు ఘాటు కావచ్చు, నత్త కొరికి ఉండవచ్చు. అలాంటి పిలకను విడదీయకుండా కొత్త వేరు వచ్చేదాకా తల్లి మీదే ఉంచాలి.

కాలం కూడా చూసుకోవాలి. నా ఏడు పిలకలకు మార్చి నాటికే సరిపడా వేళ్లు ఉన్నాయి. అయినా తీయలేదు. ఏప్రిల్, మే నెలల వడగాలి, ఆపైన రోహిణీ కార్తె ఎండలు కొత్తగా విడిపడిన మొక్కకు ప్రాణం మీదికి తెస్తాయి. తల్లి గడ మీదే ఉంచి, రోజుకు రెండుసార్లు వేళ్లు తడిపి, ఆరుద్ర కార్తెలో వానలు కుదురుకున్నాక విడదీశాను. జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా ఈ పనికి మంచి కాలం. గాలిలో తేమ ఉంటుంది, ఎండ కాస్త తగ్గుతుంది, మొక్క పెరిగే ఊపులో ఉంటుంది.

ఇక కోత. మందుల దుకాణంలో ముప్ఫై ఏళ్లుగా కూర్చున్నదాన్ని కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను చాలా పట్టుగా ఉంటాను. ఒక సూది ఒక రోగికే అన్నట్టు, ఒక బ్లేడు ఒక మొక్కకే. ఆర్కిడ్లకు సింబిడియం మొజాయిక్ అనే వైరస్ ఉంది, అది ఒక మొక్క రసం నుంచి మరో మొక్కకు కత్తి అంచు మీదే ప్రయాణిస్తుంది. పట్టిన మొక్కకు మందు లేదు. బ్లేడును స్పిరిట్‌తో తుడిస్తే బూజులు, బ్యాక్టీరియా చాలావరకు పోతాయి కానీ మొక్కల వైరస్‌ల విషయంలో స్పిరిట్‌ను నమ్మలేం. కొత్త సర్జికల్ బ్లేడు వాడండి, లేదా కత్తిని గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లారనివ్వండి. స్పిరిట్ తడి ఆరకుండా మంట దగ్గరికి తీసుకెళ్లవద్దు, స్పిరిట్ సీసాను ఆ గదిలోనే ఉంచవద్దు.

కోసే ముందు పిలక వేళ్లను బాగా తడపాలి. పొడిగా ఉంటే వంచగానే విరుగుతాయి, తడిస్తే మెత్తగా వంగుతాయి. పిలక మొదలుకు అర అంగుళం పైన, అర అంగుళం కింద తల్లి గడను కోస్తాను. పిలకతోపాటు ఆ చిన్న గడముక్క కూడా వస్తుంది, దాన్ని అలాగే ఉంచేస్తాను. పిలకను గడ నుంచి మెలితిప్పి ఊడదీసేవాళ్లూ ఉన్నారు, కానీ అలా చేస్తే ఒక్కోసారి మొదలు చీలుతుంది. కోసిన రెండు ముఖాల మీదా దాల్చిన చెక్క పొడి అద్దాలి. దాల్చిన చెక్క బూజును ఆపుతుంది, గాయాన్ని ఆరబెడుతుంది. ఆరబెడుతుంది కాబట్టే పొరపాటున కూడా వేళ్ల మీద పడకూడదు. పడితే వెంటనే కడిగేయండి.

నాటే కుండీ చిన్నది కావాలి. పిలక చిన్నదైనా పెరుగుతుంది కదా అని పెద్ద కుండీ పెడతారు, అందులో తడి ఆరక వేళ్లు కుళ్లుతాయి. పక్కల చిల్లులున్న మూడు అంగుళాల మట్టి కుండీ మేలు. అది దొరకనప్పుడు అర లీటరు నీళ్ల సీసా అడుగు భాగం కోసి, కాల్చిన స్క్రూడ్రైవరుతో అడుగునా పక్కలా పది పన్నెండు చిల్లులు పెట్టి వాడాను. సీసా పారదర్శకం కాబట్టి వేరు ఎటు పోతోందో కళ్లారా కనిపిస్తుంది. నేర్చుకునేవారికి మట్టి కుండీ కన్నా ఇదే మంచిదంటాను.

అందులో వేయవలసింది బొగ్గు, ఇటుక ముక్కలు. బొగ్గు మా వీధి చివర ఇస్త్రీ బండి అతని దగ్గర తీసుకుంటాను. రాక్షసి బొగ్గు కాదు, కట్టె బొగ్గు కావాలి. బొటనవేలంత ముక్కలుగా కొట్టి, నల్లనీళ్లు పోయేదాకా నాలుగైదుసార్లు కడిగి, ఒక రాత్రి నానబెట్టాలి. ఇటుక ముక్కలూ అంతే. సిమెంటు అంటుకున్న ముక్కలు వద్దు, సున్నపు గుణం వేళ్లకు పడదు. కొబ్బరి డొక్క ముక్కలు చాలామంది వాడతారు, నేనూ పెద్ద మొక్కలకు కొద్దిగా వేస్తాను. కానీ వాటిలో ఉప్పు, వగరు ఉంటాయి కాబట్టి వారం రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. వానాకాలంలో డొక్క రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది, పిలకకు అది మంచిది కాదు. బొగ్గు కుళ్లదు, తడిని పట్టి మెల్లగా వదులుతుంది. కాకపోతే ఎరువు లవణాలు దానిలో పేరుకుంటాయి, రెండు మూడేళ్లకొకసారి మార్చేయాలి.

పిలకను కుండీ మధ్యలో నిలబెట్టి, వేళ్ల చుట్టూ బొగ్గు ముక్కలు ఒక్కొక్కటే పేర్చండి, గుప్పెడు పోసి నొక్కవద్దు. మొదలు భాగం బొగ్గు పైనే ఉండాలి. పూడిస్తే కొత్త చిగురు వచ్చే చోటే కుళ్లుతుంది. మొక్క ఊగకూడదు. ఊగితే లేత వేరుకొన ముక్కలకు రాసుకుని దెబ్బతింటుంది. అందుకు ఒక చీపురుపుల్ల గుచ్చి, గాజుగుడ్డ పట్టీతో వదులుగా కడతాను. గాజుగుడ్డ మెత్తన, గడను కోయదు, ఆరు నెలల్లో చివికిపోయేసరికి మొక్క తన కాళ్ల మీద నిలబడుతుంది.

నాటిన తర్వాత వారం పది రోజులు కుండీలో నీళ్లు పోయకుండా, ఉదయం పూట ఆకులు, పై వేళ్లు తడిసేలా చిలకరిస్తే చాలు. సూర్యుడు నేరుగా తగలని, పుస్తకం హాయిగా చదువుకోగలిగినంత వెలుతురున్న చోట పెట్టండి. నెల తర్వాత యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కిందికి మార్చవచ్చు. మే నెలలో ఆ వల మీద మరో పొర వేస్తాను.

నీటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన ఊళ్లో ఎక్కువ ఆర్కిడ్లు నీటి వల్లే పోతాయి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అవే పోస్తే వేళ్ల మీద తెల్లటి పొర కట్టి, కొనలు మాడిపోయాయి. కృష్ణ నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అవి నయం. ఒక బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచి ఉదయం వాడండి. వాననీరు అన్నింటికన్నా మంచిది. వసారా రేకు కింద డ్రమ్ము పెట్టి పడతాను, దోమలు గుడ్లు పెట్టకుండా నోటికి గుడ్డ కడతాను. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి వేసవిలో వాటిని కుళాయి నీళ్లతో కలిపి వాడుతున్నాను. శుద్ధియంత్రం నుంచి వృథాగా పోయే నీళ్లు మాత్రం వద్దు, ఉన్న ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. వేసవిలో తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఎండ తగ్గాక ఒకసారి పోస్తాను, చీకటి పడేలోపు ఆకుల నడుమ తడి ఆరాలి. వానలు పడే రోజుల్లో అసలు పోయను. ముసురు మూడు రోజులు పట్టిందంటే చిన్న కుండీల్ని వసారాలోకి మార్చేస్తాను.

మొదటి కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వద్దు. తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాము చొప్పున వారానికోసారి ఇవ్వవచ్చు, పెద్దయ్యాక ఒక గ్రాము. ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపి, అరగంట తర్వాత ఎరువు నీళ్లు పోయాలి. పొడి వేరు మీద ఎరువు పడితే మాడుతుంది. నెలకోసారి ఒట్టి నీళ్లు ధారగా పోసి, కుండీలో పేరుకున్న లవణాలను కడిగేయండి.

పిలక దానంతట అది రానప్పుడు గడ ముక్కల నుంచి రప్పించవచ్చు. ఇది ఓపిక ఎక్కువ కావలసిన పని. ఆకు రాలిపోయి, ఇంకా గట్టిగా, పచ్చగా ఉన్న గడను ఎంచుకోండి. పైనున్న పల్చటి కాగితంలాంటి పొరను మెల్లగా ఒలిస్తే కణుపుల దగ్గర నిద్రపోతున్న మొగ్గలు చిన్న త్రికోణాల్లా కనిపిస్తాయి. చెరకు ముచ్చెలు కోసినట్టే మూడేసి కణుపులు ఉండేలా, రెండు కణుపుల నడిమధ్యన కోయాలి. కోసిన చివరలకు దాల్చిన చెక్క పొడి అద్ది ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత పారదర్శకమైన మిఠాయి డబ్బాలో కడిగి పిండిన కొబ్బరిపీచు పరిచి, దాని మీద ముక్కలను పడుకోబెట్టండి, పూడ్చవద్దు. మూతకు నాలుగు చిల్లులు పెట్టి, ఎండ తగలని వెలుతురులో ఉంచండి. పీచు పట్టుకుంటే చల్లగా అనిపించాలి, పిండితే చుక్క రాకూడదు. రెండు నెలల్లో కొన్ని మొగ్గలు లేస్తాయి. నాకు పది ముక్కల్లో నాలుగు మొలిచాయి. మెత్తబడి నల్లబడిన ముక్క కనబడగానే తీసేయండి, ఒకటి కుళ్లితే పక్కది కుళ్లడానికి రోజులు పట్టదు. ముక్క మొలిచినా మళ్లీ అదే నియమం: వేళ్లు రెండు అంగుళాలు అయ్యేదాకా ఆ ముక్క మీదే ఉండాలి.

మొక్క బాగా పెద్దదై కుండీ దాటి పాకితే పంచుకోవచ్చు. ప్రతి భాగానికీ కనీసం మూడు నాలుగు గడలు, వాటిలో ఒకటి కొత్త చిగురు ఉండాలి. రెండు గడల చొప్పున పంచితే ఎక్కువ మొక్కలు వస్తాయి కానీ పూలకు ఏళ్లు ఆగాలి. కొత్త చిగురు కింద వేళ్లు అప్పుడే మొలుస్తున్న రోజుల్లో పంచడం మంచిది.

వాండా, మొకారాలకు గడలు ఉండవు, ఒకే కాండం పైకి పెరుగుతూ పోతుంది, పక్కల నుంచి లావాటి వేళ్లు గాలిలో వేలాడతాయి. కింది భాగంలో ఆకులు రాలి బోసిపోయినప్పుడు, కనీసం మూడు మంచి వేళ్లు పైముక్కకు వచ్చేలా కోసి వేరే తీగకు కట్టాలి. కింద మిగిలిన మోడును పారేయవద్దు, అదీ పక్కల నుంచి పిలకలు వేస్తుంది. మన ప్రాంతంలో పాత చెట్ల మీద సహజంగా పెరిగే వాండా టెస్సెలాటా కూడా ఈ కుటుంబమే. ఎక్కడైనా కనబడితే చూసి ఆనందించండి కానీ పీకి ఇంటికి తేవద్దు. చెట్టు నుంచి పీకిన వాటిలో చాలావరకు కుండీలో బతకవు, అక్కడ ఉంటే తరాలు బతుకుతాయి.

ఫాలినాప్సిస్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు దాని పూల కాడను పూర్తిగా కోయకుండా, కింది రెండు మూడు కణుపులు ఉంచండి. ఒక్కోసారి అక్కడ పిలక వస్తుంది. కణుపు పొర తీసి పూసే సైటోకైనిన్ (మొగ్గను లేపే హార్మోను) లేపనం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అగ్గిపుల్ల తలలో సగమంత చాలు, ఎక్కువ పూస్తే వంకరటింకర ముద్దలు వస్తాయి.

వానాకాలం శత్రువులు రెండు. ఒకటి నత్త. పగలు కుండీ అడుగున దాక్కుని, రాత్రి వచ్చి పచ్చటి వేరుకొనను ఒక్క కాటులో తినేస్తుంది. రాత్రి తొమ్మిది తర్వాత టార్చిలైటు పట్టుకుని కుండీలు ఎత్తి చూడండి. రెండోది కుళ్లు. ఆకు మొదట్లో నీళ్లోడుతున్న నల్లమచ్చ కనబడితే ఆ భాగం పచ్చగా ఉన్నచోటు దాకా కోసి, కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు పొడిని లీటరుకు రెండు గ్రాములు కలిపి చల్లండి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, పిల్లలు ఆ దగ్గర ఉండకూడదు. పిండినల్లికి ఇంత మందు అక్కరలేదు, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేస్తే పోతుంది, వారం తర్వాత ఇంకోసారి తుడవండి.

పిలక పూయడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. మొదటి గడ పొట్టిగా ఉంటుంది, దాని పక్కన వచ్చే రెండో గడ దానికన్నా పొడుగు సాగితే మొక్క కుదురుకున్నట్టు. రెండో గడ మొదటిదానికన్నా చిన్నదైతే వెలుతురు చాలడం లేదని అర్థం, చోటు మార్చండి.

నా ఏడు పిలకల్లో ఒకటి ముసురులో కుళ్లిపోయింది. నాలుగు పై వసారాలో ఉన్నాయి. వరద రోజుల్లో మెడలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని మా మెట్ల దాకా తెచ్చిచ్చిన పక్కింటి అబ్బాయికి ఒకటి ఇచ్చాను, ఎండుపుల్లలకు నీళ్లు పోస్తున్నారేమిటని అడిగిన వాళ్లక్కకు ఒకటి. రెండు కుండీలకూ మాత్రల కవరు ముక్క కట్టి, విడదీసిన తేదీ, తల్లి పువ్వు రంగు బాల్‌పెన్నుతో రాశాను. మొన్న ఆ అమ్మాయి ఫోను చేసి, “పిన్నిగారూ, పాత గడకు ఆకులన్నీ రాలిపోయాయి, తీసేయనా?” అని అడిగింది. వేలితో నొక్కి చూడమన్నాను. గట్టిగానే ఉందట.